హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌కు హై ప్రెషర్ గ్యాస్ ఎలా అందించాలి: చిన్న ల్యాబ్‌లకు

"ఎంత పెద్ద కంప్రెసర్ కొనాలి?" నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీల వాళ్ళు ముందుగా అడిగేది ఇదే. చిన్నది చాలు. అసలు లేకపోయినా పని నడుస్తుంది. యాసంగిలో కరెంటు ఉన్నంతసేపు బోరు సన్నధారతో తొట్టి నింపి, తర్వాత తూము ఒక్కసారి ఎత్తి మడికి వదలడం మనకు తెలిసిన పనే. హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ అంటే ధ్వనికి ఐదు రెట్లకు మించిన వేగంతో గ్యాస్‌ని మోడల్ మీదికి వదిలి పరీక్షించే గొట్టం. అందులో బ్లోడౌన్ టన్నెల్ కూడా మన తొట్టి పద్ధతే. గంటలకొద్దీ దాచిన గ్యాస్‌ని పది సెకన్లలో ఖర్చు చేస్తుంది. కాబట్టి డబ్బు, బుర్ర రెండూ తొట్టి మీద, తూము మీద పెట్టాలి. టెస్ట్ సెక్షన్‌లో (మోడల్ ఉండే చోట) కనబడే లోపాల్లో చాలావరకు సిలిండర్ల షెడ్డులోనే పుడతాయి.

ఇక్కడి లెక్కలన్నీ ఒక చిన్న టన్నెల్‌కు వేసినవి: మాక్ 6 (ధ్వని వేగానికి ఆరు రెట్లు), నాజిల్ (గ్యాస్ వేగం పుంజుకునే గొట్టం) చివర వ్యాసం 100 మిల్లీమీటర్లు, సెట్లింగ్ చాంబర్‌లో (నాజిల్ ముందు గ్యాస్ కుదురుకునే గదిలో) 10 బార్, 520 కెల్విన్లు, పది సెకన్ల రన్. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో 2020 డిసెంబర్‌లో ప్రారంభించిన టన్నెల్ నాజిల్ వ్యాసం ఒక మీటరు, మాక్ 5 నుంచి 12 దాకా. దానితో పోలిస్తే మన నాజిల్ వైశాల్యం నూరో వంతు. అదే మాక్‌కి, అదే పీడనానికి, అదే వేడికి గ్యాస్ ఖర్చు కూడా నూరో వంతే. అందుకే సిలిండర్లతో నెట్టుకురావచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: నైట్రోజనా, గాలా?

లోపల ఏదీ మండించే ప్రయోగం కాకపోతే నైట్రోజన్‌తో మొదలుపెట్టండి. గాలికీ దీనికీ విశిష్టోష్ణాల నిష్పత్తి ఒక్కటే, 1.4. నాజిల్‌కి తేడా తెలియదు. సప్లయర్ దగ్గర నుంచి పొడిగా, నూనె లేకుండా వస్తుంది. కంప్రెసర్, డ్రైయర్ తలనొప్పులు మీ దగ్గరికి రావు. హైదరాబాద్ నుంచి లారీ కిరాయి అదనం, అంతే. స్క్రామ్‌జెట్ (ధ్వనిని మించిన వేగంతో పారే గాలిలోనే ఇంధనం మండించే ఇంజిన్) లాంటి మండే ప్రయోగాలకు గాలి తప్పదు. హీలియం వాడితే వేడి చేయకుండానే పెద్ద మాక్‌లకు వెళ్ళొచ్చు కానీ, ధర చూస్తే ఆ ఆలోచనే రాదు.

నైట్రోజన్‌తో ఒక్కటే ప్రమాదం, అది చిన్నది కాదు. వాసన ఉండదు, రంగు ఉండదు, ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు. 6 × 8 × 4 మీటర్ల గదిలో బ్యాంకు (కలిపి పెట్టిన 12 సిలిండర్లు) మొత్తం లీకైతే 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 13-14 శాతానికి పడిపోతుంది. లీకు దగ్గర ఇంకా తక్కువ ఉంటుంది, అక్కడ మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు, కాపాడబోయినవాడూ అక్కడే పడిపోతాడు. గదిలో ఆక్సిజన్ మీటర్ పెట్టి 19.5 శాతం దగ్గర అలారం మోగేట్టు చేయండి. వాక్యూమ్ పంపు ఎగ్జాస్ట్‌ని పైపుతో బయటికి తీసుకెళ్ళండి.

కావలసినవి

- 47 లీటర్ల, 150 బార్ సిలిండర్లు 12, గోడకు కట్టే గొలుసులు, పిగ్‌టెయిల్ పైపులు (సిలిండర్ నుంచి వచ్చే వంపు గొట్టాలు), నాన్‌రిటర్న్ వాల్వులతో (ఒకవైపే వదిలేవి) మానిఫోల్డ్ (అన్నిటినీ కలిపే పైపు)
- బయటి వ్యాసం 25 మిల్లీమీటర్లుండి, గోడ మందంగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు (లోపలి వ్యాసం 19 కన్నా తగ్గొద్దు). రెగ్యులేటర్ తర్వాత 50 మిల్లీమీటర్ల పైపు
- మెయిన్ బాల్ వాల్వ్, దాని పక్కన బైపాస్‌గా చిన్న నీడిల్ వాల్వ్
- 5 మైక్రాన్ల ఫిల్టర్, డోమ్ రెగ్యులేటర్ (పీడనం తగ్గించి నిలిపేది), దాన్ని నడిపే చిన్న పైలట్ రెగ్యులేటర్
- స్టీల్ గుండ్లు నింపిన హీటర్ పాత్ర, 3 కిలోవాట్ల హీటింగ్ ఎలిమెంట్, హీటర్ తర్వాత సింటర్డ్ మెటల్ ఫిల్టర్
- కరెంటు పోతే తనంతట తానే మూసుకునే ఫాస్ట్ వాల్వ్
- సేఫ్టీ వాల్వులు, బర్స్ట్ డిస్కులు (పీడనం హద్దు దాటితే పగిలే పల్చటి రేకులు), వెంట్ పైపు
- ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు 3 (బ్యాంకు, సెట్లింగ్ చాంబర్, వాక్యూమ్ ట్యాంకు), సన్న థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచేవి) 2, పిటాట్ గొట్టం (ప్రవాహానికి ఎదురుగా పెట్టి పీడనం కొలిచేది)
- టన్నెల్ దాటిన గ్యాస్ వెళ్ళి చేరే 30 ఘనపు మీటర్ల వాక్యూమ్ ట్యాంకు, పంపు

హార్డ్‌వేర్ షాపులో దొరికే జీఐ పైపు, దాని ఫిట్టింగులు ఈ లిస్టులో లేవు. మంచినీళ్ళకు వాడేది ఇక్కడికి తేవద్దు.

స్టెప్ 1: గ్యాస్ లెక్క వేయండి

మాక్ 6 నాజిల్‌లో చివరి వైశాల్యం థ్రోట్ (నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోటు) వైశాల్యానికి 53.2 రెట్లు. చివర 100 మిల్లీమీటర్లుంటే థ్రోట్ వ్యాసం 13.7 మిల్లీమీటర్లు వస్తుంది. గాలికి సూత్రం ఇది:

సెకనుకు కిలోలు = 0.0404 × పీడనం × థ్రోట్ వైశాల్యం ÷ √ఉష్ణోగ్రత

పీడనం పాస్కల్‌లో, వైశాల్యం చదరపు మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్లలో. మన టన్నెల్‌కు సెకనుకు 0.26 కిలోలు వస్తుంది. నైట్రోజన్‌కి ఒకటిన్నర శాతం తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. వాల్వ్ తెరుచుకోవడానికి, మూసుకోవడానికి పోయే మూడు సెకన్లు కలిపితే 13 సెకన్లకు 3.4 కిలోలు.

12 సిలిండర్లు 150 బార్ దగ్గర 95 కిలోల చుట్టూ నైట్రోజన్ పడతాయి. 40 బార్ కిందికి దిగితే రెగ్యులేటర్ సరిగ్గా పట్టుకోలేదు. కాబట్టి వాడుకోగలిగేది 70 కిలోలు, అంటే దాదాపు 20 రన్‌లు. ఒక్కో రన్‌కి బ్యాంకు 5.4 బార్ తగ్గాలి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడ: సూత్రంలోది ఆబ్సల్యూట్ పీడనం, అంటే శూన్యం నుంచి కొలిచేది. గేజ్ చూపేది వాతావరణ పీడనం మీద ఎంత ఎక్కువో మాత్రమే. గేజ్ మీద 9 బార్ చూపిస్తేనే లోపల 10 బార్ ఉన్నట్టు. గేజ్ మీద 10 పెట్టి లెక్కలో కూడా 10 వేస్తే పదిశాతం తేడా మొదట్లోనే వచ్చి కూర్చుంటుంది.

స్టెప్ 2: సిలిండర్ల చోటు

ఈ 12 సిలిండర్లలో నిల్వ ఉండే శక్తి 16 మెగాజౌళ్ళు, మూడున్నర నాలుగు కిలోల టీఎన్‌టీతో సమానం. మనుషులు కూర్చునే గదికీ బ్యాంకుకూ మధ్య కాంక్రీటు గోడ ఉండాలి. కంట్రోల్ టేబుల్ గోడకు ఇవతల, సిలిండర్లు అవతల.

రేకుల షెడ్డు వేస్తే పక్కలు తెరిచి ఉంచండి, నీడ తప్పనిసరి. ఎండకాలంలో మనవైపు 44-45 డిగ్రీలు మామూలే, ఎండ తగిలిన ఇనుము 60 దాటుతుంది. 30 డిగ్రీల దగ్గర 150 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకు 165 చూపిస్తుంది. సిలిండర్ దాన్ని తట్టుకుంటుంది. మీ మానిఫోల్డ్ సేఫ్టీ వాల్వ్‌ని 160కి సెట్ చేసి ఉంటే మాత్రం మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గ్యాస్ అంతా వెళ్ళిపోతుంది.

సిలిండర్ దిగగానే మెడ దగ్గర చెక్కిన హైడ్రోటెస్ట్ తేదీ చూడండి. మామూలు స్టీల్ సిలిండర్లకు ఐదేళ్ళకోసారి పరీక్ష జరగాలి. నైట్రోజన్‌ది బూడిదరంగు ఒళ్ళు, నల్ల మెడ. ఆక్సిజన్‌ది నల్లటి ఒళ్ళు. రంగు వెలిసిపోతుంది, కాబట్టి లేబుల్ చదవందే కలపొద్దు. వాల్వ్ మరలు కలవలేదంటే అది వేరే గ్యాస్ అని అర్థం. అడాప్టర్ కోసం వెతకొద్దు.

అనుమతుల విషయం: నిండిన సిలిండర్లు తెచ్చుకుంటే కాగితాల పని తక్కువ. మీరే కంప్రెసర్‌తో సిలిండర్లు నింపుతామంటే గ్యాస్ సిలిండర్ రూల్స్ 2016 కింద లైసెన్స్ కావాలి. వెయ్యి లీటర్లు దాటిన పెద్ద పాత్ర పెడితే అది సిలిండర్ కిందికి రాదు, స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెషర్ వెసెల్స్ రూల్స్ 2016 కిందికి వెళ్తుంది. రెండూ పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) చూస్తుంది. డ్రాయింగ్ దశలోనే అడగండి, వెల్డింగ్ అయ్యాక అడిగితే విప్పాల్సి వస్తుంది.

స్టెప్ 3: మానిఫోల్డ్, పైపులు

1. ఒక్కో సిలిండర్‌కు విడిగా నాన్‌రిటర్న్ వాల్వ్ పెట్టండి. లేకపోతే ఒక పిగ్‌టెయిల్ తెగితే 12 సిలిండర్లూ అందులోంచే ఖాళీ అవుతాయి.
2. హోస్ వాడితే రెండు చివర్లా స్టీల్ తాడుతో కట్టండి. తెగిన హోస్ పాములా కొట్టుకుంటుంది, ఎముకలు విరుగుతాయి.
3. బ్యాంకు నుంచి రెగ్యులేటర్ దాకా 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉంటే 40 బార్ దగ్గర కూడా గ్యాస్ వేగం సెకనుకు 20 మీటర్ల దగ్గరే ఉంటుంది. 12 మిల్లీమీటర్ల పైపు వేస్తే 50 మీటర్లవుతుంది. పీడనం దారిలోనే పోతుంది, పైపు ఊళపెడుతుంది.
4. బీఎస్‌పీ (బ్రిటిష్) మరనీ ఎన్‌పీటీ (అమెరికన్) మరనీ కలపొద్దు. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 మరలే. అందుకే నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. మర కోణం ఒకదానిది 55, ఇంకోదానిది 60. టేపు ఎంత చుట్టినా 150 బార్ దగ్గర నిలవదు. మంచి రోజుల్లో లీకవుతుంది, చెడ్డ రోజున ఊడొస్తుంది.
5. డబుల్ ఫెరూల్ ఫిట్టింగుల్లో ఒక కంపెనీ నట్టు, ఇంకో కంపెనీ ఫెరూల్ (పైపుని పట్టుకునే రింగు) కలపొద్దు.

అన్నీ బిగించాక 1.5 రెట్ల పీడనానికి నీళ్ళతో టెస్ట్ చేయించండి. గ్యాస్‌తో కాదు. నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి జాయింటు ఊడినా ఒక చిమ్ము చిమ్మి ఆగిపోతుంది. టెస్ట్ తర్వాత పొడి నైట్రోజన్‌తో లైను పూర్తిగా ఆరబెట్టండి. ఈ ఆరబెట్టడం వదిలేసి, మొదటి రన్‌లోనే రెగ్యులేటర్ గడ్డకట్టిందని సప్లయర్ మీద పడేవాళ్ళు చాలామంది.

స్టెప్ 4: సొంత గాలి నింపుకునేవాళ్ళకు

నైట్రోజన్ కొనేవాళ్ళు ఇది వదిలేసి ముందుకు పోవచ్చు.

బ్యాంకుని 40 నుంచి 150కి ఎక్కించడానికి 62 ఘనపు మీటర్ల బయటి గాలి కావాలి. గంటకు 20 ఘనపు మీటర్లు పీల్చే నాలుగు దశల కంప్రెసర్‌కి మూడు గంటల పని. ఒక్కో దశలో 3.5 రెట్లు నొక్కితే నాలుగు దశలకు 150 అవుతుంది. లోపలికి వచ్చే గాలి 45 డిగ్రీలుంటే ఒక్కో దశ చివర కనీసం 180 డిగ్రీల వేడి పుడుతుంది. అందుకే ఎండకాలంలో తెల్లవారుజామున నింపుకోండి. వేడెక్కిన నూనె బొగ్గులా పేరుకుని వాల్వులను కొరుక్కుతింటుంది.

నీళ్ళతో చల్లార్చే కంప్రెసర్ అయితే బోరు నీళ్ళు నేరుగా పోయొద్దు. నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. అది పళ్ళనూ ఎముకలనూ పాడు చేస్తుంది, కూలర్ గొట్టాల్లో గార కట్టించేది మాత్రం కాల్షియం, మెగ్నీషియం. సాఫ్టెనర్ నీళ్ళని మూసిన చుట్టులో తిప్పండి.

గాలి పీల్చే చోటు ఎక్కడో చూసుకోండి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక దుమ్ము, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల నూగు ఇన్‌టేక్ ఫిల్టర్‌ని వారంలోనే మూసేస్తాయి. ఇన్‌టేక్‌ని రెండు నిలువుల ఎత్తున, జనరేటర్ పొగకు దూరంగా పెట్టండి.

ఇక అసలు శత్రువు నీళ్ళు. వానకాలంలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీళ్ళుంటాయి. 62 ఘనపు మీటర్లకు లీటరున్నర. ఇందులో దాదాపు అంతా దశల మధ్య కూలర్లలో నీళ్ళుగా మారి డ్రెయిన్‌లోంచి పోవాలి. ఆవిరిగా మిగిలి డ్రైయర్ దాకా వెళ్ళేది పాతిక ముప్పై గ్రాములే. డ్రైయర్ సైజు కూడా ఆ కాస్త కోసమే ఉంటుంది. డ్రెయిన్ ఒక్కటి మూసుకుపోతే లీటరు నీళ్ళు దాని మీద పడతాయి. అరగంటలో మాలిక్యులర్ సీవ్ (డ్రైయర్‌లో తేమ పీల్చే గుళికలు) తడిసి ముద్దవుతుంది.

కాబట్టి డ్రెయిన్ నీళ్ళని జగ్గులో పట్టి కొలవండి. వానకాలంలో ఒక్కో నింపుడుకు లీటరున్నర దగ్గర రావాలి, మే నెల పొడి మధ్యాహ్నాల్లో ముప్పావు లీటరు. అంతకు బాగా తక్కువ వచ్చిందంటే మిగతాది మీ సిలిండర్లలో ఉంది. పది పదిహేను నిమిషాలకోసారి చేత్తో డ్రెయిన్ తిప్పడం ఆటో డ్రెయిన్ కన్నా నమ్మకం. పైకి మొరటు పరీక్షే గానీ, ఖరీదైన మీటరు అబద్ధం చెప్పినప్పుడు నిజం చెప్పేది ఈ జగ్గే.

డ్యూ పాయింట్ మీటరు (గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రతకు నీరవుతుందో చూపేది) కొంటే ఏ పీడనం దగ్గరి అంకె అని అడిగి తెలుసుకోండి. 150 బార్ దగ్గర మైనస్ 40 అంటే, అదే గాలిని వాతావరణ పీడనానికి వదిలి కొలిస్తే మైనస్ 70 కన్నా కిందికి పోతుంది. వాతావరణ పీడనం దగ్గర మైనస్ 40 మాత్రమే ఉన్న గాలి 150 బార్ దగ్గర తడి గాలే. శాంపిల్‌ని బయటికి వదిలి కొలిచి, మైనస్ 50 కన్నా కింద ఉంటేనే బ్యాంకులోకి పంపండి.

నూనె సంగతి నీళ్ళకన్నా మొండిది. డ్రైయర్ ముందు కోలెసింగ్ ఫిల్టర్ (నూనె తుంపరలను కలిపి పట్టేది), తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. తెల్ల కాగితం మీదికి అవుట్‌లెట్ గాలిని సన్నగా ఒక నిమిషం వదిలి వెలుతురుకు పెట్టి చూడండి. మరక కనిపిస్తే ఆ గాలి పనికిరాదు. ఎందుకో స్టెప్ 8లో తెలుస్తుంది.

స్టెప్ 5: లీకు పరీక్ష

సబ్బునీళ్ళతో ప్రతి జాయింటూ చూడండి, మొదట 10 బార్ దగ్గర, తర్వాత 50, చివరికి 150. పీడనం ఉండగా నట్టు బిగించొద్దు. ఖాళీ చేసి, బిగించి, మళ్ళీ ఎక్కించండి.

తర్వాత రాత్రంతా వదిలేసి పొద్దున గేజ్ చూడండి. సాయంత్రం 40 డిగ్రీలు, తెల్లవారి 28 ఉంటే 150 బార్ తనంతట తానే 144కి దిగుతుంది. అది లీకు కాదు. ఈ సవరణ తెలియక మంచి జాయింట్లు విప్పి పాడుచేసుకోవద్దు. పీడనాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించి, ఆ భాగఫలాలను పోల్చండి.

స్టెప్ 6: రెగ్యులేటర్

వెల్డింగ్ షాపులో కనిపించే రెగ్యులేటర్ వద్దు. మనకు కావలసిన ప్రవాహం గంటకు 800 ఘనపు మీటర్ల బయటి గాలితో సమానం, అది ఇంత మోయలేదు. గేజ్ చక్కగా 10 బార్ చూపిస్తూ ఉంటుంది, ఫాస్ట్ వాల్వ్ తెరవగానే రెండుకు కూలిపోతుంది.

డోమ్ రెగ్యులేటర్ సరిపోతుంది. పైలట్‌తో డోమ్‌లో పీడనం పెట్టి పైలట్‌ని మూసేస్తే బయటి పీడనం దాన్ని అనుసరిస్తుంది. కంప్యూటర్‌తో నడిచే కంట్రోల్ వాల్వ్ కావాలనుకుంటే ఒక్క మాట: రన్ పదే సెకన్లు, పీఐడీ (తేడా చూసి వాల్వ్‌ని సరిదిద్దే కంట్రోలర్) తడుముకుంటూ దారికొచ్చేసరికి రన్ అయిపోతుంది. మొదటి ఓపెనింగ్‌ని బ్యాంకు పీడనాన్ని బట్టి ముందే లెక్కగట్టి ఇవ్వండి. 150 బార్ దగ్గర సరిపడిన వాల్వ్ వైశాల్యం 75 దగ్గర రెట్టింపు కావాలి. పీఐడీకి చివరి సవరణ మాత్రమే వదలండి.

150 నుంచి 10కి దిగేటప్పుడు గ్యాస్ తనంతట తానే 25-30 డిగ్రీలు చల్లబడుతుంది. రన్ నడుస్తుంటే సిలిండర్లు కూడా చల్లబడతాయి కాబట్టి ఇంకొంచెం. అందులో తేమ ఉంటే రెగ్యులేటర్ సీటు మీద మంచు కడుతుంది. అప్పుడు పీడనం మెల్లగా జారదు, మెట్లు మెట్లుగా కదులుతుంది. గ్రాఫ్‌లో మెట్లు కనిపిస్తే రెగ్యులేటర్ విప్పకండి, స్టెప్ 4కి (నైట్రోజన్ కొనేవాళ్ళు స్టెప్ 3లోని ఆరబెట్టడానికి) వెళ్ళండి.

రెగ్యులేటర్ తర్వాత 12 బార్ సేఫ్టీ వాల్వ్, దానికి తోడు బర్స్ట్ డిస్క్. రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుంటే వచ్చే మొత్తం ప్రవాహాన్ని వదలగలిగే సైజు వేయండి. వెంట్ పైపుని కప్పు పైదాకా తీసుకెళ్ళి, మొదట్లో, వంపుల దగ్గర గట్టిగా బిగించండి.

స్టెప్ 7: హీటర్

మాక్ 6 దగ్గర టెస్ట్ సెక్షన్‌లో ఉష్ణోగ్రత సెట్లింగ్ చాంబర్‌లో ఉన్నదాంట్లో 8.2వ వంతుకు పడిపోతుంది. గది వేడితో, అంటే 300 కెల్విన్లతో వదిలితే 37 కెల్విన్లు. అక్కడి 6 మిల్లీబార్ల పీడనంలో నైట్రోజన్ 50 కెల్విన్ల చుట్టుపక్కలే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 520 దగ్గర మొదలైతే 63 కెల్విన్లు వస్తుంది, క్షేమం.

నేరుగా వేడి చేయాలంటే 62 కిలోవాట్లు కావాలి. మళ్ళీ తొట్టి ఉపాయమే. 120 కిలోల స్టెయిన్‌లెస్ స్టీల్ గుండ్లను 3 కిలోవాట్లతో గంటన్నర, రెండు గంటలు కాచి ఉంచండి. ఒక రన్‌కి గ్యాస్ తీసుకునే వేడికి గుండ్లు సగటున 14 డిగ్రీలే చల్లబడతాయి.

మూడు జాగ్రత్తలు. ఒకటి, హీటర్ పాత్రని చల్లగా ఉన్నప్పుడు 10 బార్ నింపి మూసి కాచొద్దు, 520 కెల్విన్లకు అది 17 బార్ అవుతుంది. వెంట్ తెరిచి కాచి, వేడెక్కాకే పీడనం పెట్టండి. రెండు, హీటర్ తర్వాతి ఫాస్ట్ వాల్వ్‌కి టెఫ్లాన్ సీటు వద్దు, 250 డిగ్రీల దగ్గర మెత్తబడి కారుతుంది. మెటల్ సీటు, గ్రాఫైట్ ప్యాకింగ్ తీసుకోండి. మూడు, ఫాస్ట్ వాల్వ్ నుంచి సెట్లింగ్ చాంబర్ దాకా పైపుకి కూడా హీటింగ్ టేపు చుట్టండి. చల్లటి పైపు మొదటి నాలుగైదు సెకన్ల వేడిని మింగేస్తుంది.

స్టెప్ 8: రన్ వరుస

1. వాక్యూమ్ ట్యాంకుని 5 మిల్లీబార్‌కి దించండి. పంపు వాల్వ్ మూసేయండి.
2. హీటర్ ఉష్ణోగ్రత నిలకడగా ఉందని చూసుకుని, హీటర్ వెంట్ మూయండి.
3. గదిలోంచి అందరినీ బయటికి పంపండి, లెక్కపెట్టి మరీ.
4. సిలిండర్ వాల్వులు ఒక్కొక్కటే మెల్లగా తెరవండి.
5. బైపాస్ నీడిల్ వాల్వ్‌తో మెయిన్ వాల్వ్ అవతలి వైపు నింపండి, కనీసం ఒక నిమిషం తీసుకుంటూ. రెండు వైపులా పీడనం సమానమయ్యాకే మెయిన్ బాల్ వాల్వ్ తిప్పండి.
6. పైలట్‌తో డోమ్‌ని 10 బార్‌కి తెచ్చి, హీటర్ పాత్ర నిండనివ్వండి.
7. రికార్డింగ్ మొదలుపెట్టి, రెండు సెకన్లాగి ఫాస్ట్ వాల్వ్ తెరవండి.
8. పది సెకన్లకు మూయండి. మెయిన్ వాల్వ్ మూసి, లైను వెంట్ చేసి, ఆ తర్వాతే గదిలోకి.

ఐదో అంశాన్ని ఎవరూ దాటవేయొద్దు. ఖాళీ పైపులోకి 150 బార్ గ్యాస్‌ని ఒక్కసారి వదిలితే, మూసిన చివర ఇరుక్కున్న గ్యాస్ నొక్కుకుని లెక్క ప్రకారం 1,200 కెల్విన్లు దాటుతుంది. లైన్లో ఉన్నది గాలి అయి, ఎక్కడో నూనె పొర ఉంటే, డీజిల్ ఇంజిన్ సిలిండర్లో జరిగేదే పైపులో జరుగుతుంది. కాగితం మీద మరక వెతికింది అందుకే.

ఇంకో సంగతి చాలా డ్రాయింగుల్లో కనిపించదు. ఫాస్ట్ వాల్వ్ మూసుకోకుండా ఇరుక్కుంటే బ్యాంకు మొత్తం వాక్యూమ్ ట్యాంకులోకి వెళ్తుంది. 30 ఘనపు మీటర్ల ట్యాంకులో అది రెండున్నర బార్ దాటుతుంది. బయటి నుంచి నొక్కే ఒత్తిడికి కట్టిన పల్చటి ట్యాంకు లోపలి నుంచి అంత పీడనానికి చిరిగిపోతుంది. ట్యాంకు పైన పెద్ద రిలీఫ్ మూత పెట్టండి. వాతావరణ పీడనం కాస్త దాటగానే దానంతట అదే లేవాలి. ట్యాంకు 300 మిల్లీబార్ దాటితే మెయిన్ వాల్వ్ మూసుకునేలా ఇంటర్‌లాక్ కూడా పెట్టండి.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

సెట్లింగ్ చాంబర్ పీడనం: మొదటి సెకను వదిలేసి మిగతాది రెండు శాతం లోపల సమంగా ఉండాలి. మొదట్లో ఎగిరి తర్వాత దిగితే డోమ్‌కి వెళ్ళే గొట్టం సన్నమైంది లేదా ఫాస్ట్ వాల్వ్ మరీ వేగంగా తెరుచుకుంటోంది. చివర్లో జారుతుంటే బ్యాంకు 40 కిందికి దిగింది, లేదా ఏదో ఒక సిలిండర్ వాల్వ్ సగమే తెరిచారు.

పిటాట్: మాక్ 6 దగ్గర ఇది సెట్లింగ్ చాంబర్ పీడనంలో 0.0297 వంతు, అంటే 10 బార్‌కి 297 మిల్లీబార్లు. గోడ దగ్గరి స్టాటిక్ (పారే గ్యాస్ సొంత పీడనం) 6.3 మిల్లీబార్లు. పిటాట్ ఎక్కువగా ఉందంటే మాక్ తక్కువ ఉంది. రన్ మధ్యలో స్టాటిక్ ఒక్కసారి పైకి లేస్తే ట్యాంకు నిండి షాక్ (పీడనం ఒక్కసారి ఎగిరే తరంగం) వెనక్కి వచ్చింది. అది గ్యాస్ సరఫరా లోపం కాదు, వాక్యూమ్ చాలలేదు.

మోడల్ మీద, కిటికీ మీద మంచుపొడి లాంటి మసక కనిపిస్తే తేమ. షాక్ గీతలు చెదిరి, స్టాటిక్ లెక్కకు మించి ఉండి, వేడి పెంచగానే సర్దుకుంటే గ్యాసే గడ్డకడుతోంది. ఈ రెండింటినీ ఒకటిగా అనుకుని డ్రైయర్ మార్చేవాళ్ళున్నారు. హీటర్‌ని 30 డిగ్రీలు పెంచి ఒక రన్ చేస్తే ఏదన్నది తేలిపోతుంది.

చివరిది, ఖర్చులేనిది: గ్యాస్ జమాఖర్చు. రన్ అయ్యాక వెంటనే బ్యాంకు గేజ్ చూస్తే ఏడు బార్ దాకా తగ్గినట్టు కనిపిస్తుంది, సిలిండర్లు చల్లబడ్డాయి కాబట్టి. పావుగంట ఆగండి. 5.4 దగ్గరికి వస్తుంది. అదే సమయంలో వాక్యూమ్ ట్యాంకు గది వేడికి వచ్చాక 100 మిల్లీబార్లు పెరిగి ఉండాలి. బ్యాంకు 5.4 పోగొట్టుకుని ట్యాంకు 100 సంపాదిస్తే లెక్క కుదిరినట్టు. బ్యాంకు ఎక్కువ పోగొట్టుకుంటే దారిలో లీకు లేదా సేఫ్టీ వాల్వ్ కారుతోంది. ట్యాంకు ఎక్కువ సంపాదిస్తే బయటి గాలి చొరబడుతోంది, టెస్ట్ సెక్షన్ కిటికీ ఓ-రింగ్ దగ్గర మొదలుపెట్టి వెతకండి. రెండూ సమానంగా ఎక్కువైతే థ్రోట్ వ్యాసం కొలవండి. 13.7 బదులు 14.0 వచ్చినా ప్రవాహం నాలుగు శాతం పెరుగుతుంది.

ఇంత బడ్జెట్ లేకపోతే

లుడ్‌వీగ్ ట్యూబ్ చూడండి. పొడవాటి పైపులో గ్యాస్ నింపి, చివర డయాఫ్రమ్ గానీ వేగంగా తెరుచుకునే వాల్వ్ గానీ పెట్టడమే. రెగ్యులేటర్ అక్కర్లేదు. తెరవగానే పైపులోకి పాకే విస్తరణ తరంగం వెనక గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చేంతసేపు పీడనం స్థిరంగా ఉంటుంది. 10 మీటర్ల పైపుకి, 300 కెల్విన్ల దగ్గర, అది 57 మిల్లీసెకన్లు. పైపు వేడెక్కించాల్సిందే కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది, 500 కెల్విన్లకు 45. ఆ వ్యవధికి మామూలు గేజ్‌లు అందుకోలేవు, వేగంగా స్పందించే ట్రాన్స్‌డ్యూసర్లు కావాలి. గ్యాస్ మాత్రం ఒక్క సిలిండర్‌తో వారాలు నడుస్తుంది.